జిట్రేగి పాత్రలో రాజుగారి నిద్ర

"ఆపు! ఆపరా ఎల్లిగా, ఆపమంటున్నానా!"

తరిమెన వెంటనే ఆగలేదు. రెండు గుంజల మధ్య ఇరుసు మరో రెండు చుట్లు తిరిగి, కిర్రుమని మూలిగి, అప్పుడు నిలిచింది. ఇరుసు కొనకు బిగించిన జిట్రేగి దిమ్మ భుజం మీద వెంట్రుకంత గీత ఒకటి పడింది.

మైలమ ఉలి పక్కన పడేసి, మొహం మీది పొట్టును మోచేత్తో తుడుచుకుంది. ముప్పై ఏళ్ళుగా తరిమెన మీద కొయ్యను తిప్పి చెక్కుతున్న చెయ్యి అది. ఇరుసుకు చుట్టిన తోలుపటకాను అటూ ఇటూ లాగడానికి ఆమె దగ్గర ఇంతవరకూ పదకొండు మంది పనిచేశారు. వాళ్ళలో తాగుబోతు ఉన్నాడు, చెవిటివాడు ఉన్నాడు, నిలబడే కునుకు తీసేవాడూ ఉన్నాడు. రాజకుమారుడు మాత్రం ఇతడే మొదటివాడు.

"నేనేం చెప్పాను?" అంది గొంతు తగ్గించి.

"దిమ్మ నీ వైపు తిరిగేలా లాగేటప్పుడు గట్టిగా లాగమన్నావు. వెనక్కి తిప్పేటప్పుడు మెల్లగా వదలమన్నావు," అన్నాడు రాజకుమారుడు అరిందముడు, ఒప్పజెప్పినట్టు.

"మరి తమరేం చేశారు ప్రభూ?"

"రెండు వైపులా గట్టిగానే లాగాను. పని సగం వేళకే అయిపోతుంది కదా అని."

మైలమ కళ్ళు మూసుకుని, తెరిచింది. "కొయ్య నా వైపు తిరిగినప్పుడు ఉలి ఆనిస్తాను. అప్పుడే తెగుతుంది. వెనక్కి మళ్ళేటప్పుడు ఉలి వెంట్రుకవాసి ఎత్తేస్తాను. ఎత్తకపోతే అంచు ఎదురు కరుచుకుంటుంది. అంతే, పాత్ర పెఠిల్లున పగిలి ముక్కలు నా కళ్ళల్లో ఉంటాయి. ఉలి ఎత్తానో లేదో చూసి మరీ వెనక్కి లాగాలి. మా ఇళ్ళలో పాకే పిల్లలకు కూడా తెలుసు ఇది!"

"ఉలి ఎత్తిందాకా వెనక్కి లాగకూడదు. సరే. ఇక ప్రాణం పోయినా లాగను."

"ఏంటా గోల?" గుమ్మంలోంచి కాపలాభటుడు బొడ్డన తల లోపలికి పెట్టాడు.

"ఏముంది బాబూ, ఈ ఎల్లిగాడు! వీణ్ణి కన్న అయ్య అన్నమే పెట్టాడో, గడ్డే పెట్టాడో!" అని మైలమ చేతికందిన పొట్టు తీసి రాజకుమారుడి నెత్తిన కొట్టింది. మూడు రోజుల నుంచి ఆమెకు దొరుకుతున్న సుఖం అదొక్కటే.

బొడ్డన నవ్వబోయి ఆవులించాడు. ఆవులిస్తూనే వెళ్ళిపోయాడు.

ఆ ఆవులింత అతడిది కాదు. కుముదనగర ప్రభువు ఉదయసేన మహారాజుది.

ముప్పై తొమ్మిది రోజుల కిందట మహామాంత్రికుడు పింగళజంఘుడు రాజుగారి నిద్రను, పట్టుపరుపు మీంచి దుప్పటి లాగినంత తేలిగ్గా లాక్కుపోయాడు. ఆనాటి నుంచి రాజు రెప్ప వాల్చలేదు. వైద్యులు గసగసాల పాలు తాగించారు. గాయకులు వంతులు వేసుకుని జోలపాటలు పాడి గొంతులు పోగొట్టుకున్నారు. రేపు సూర్యోదయంతో నలభై రోజులు నిండుతాయి. నలభై రోజులు నిద్రలేని మనిషి బతకడు. మనిషి పోతే అతని నిద్ర దిక్కులేనిది అవుతుంది. దిక్కులేని నిద్రను ఎవరైనా తాగవచ్చు. పింగళజంఘుడికి కావలసింది అదే. క్షుద్రోపాసనలో పన్నెండేళ్ళు మేలుకుని, అతగాడు తన సొంత నిద్రను శాశ్వతంగా పోగొట్టుకున్నాడు. సామాన్యుల నిద్ర అతనికి ఒక్క గుటక. నిండుగా, బరువుగా ఉండే రాజనిద్ర అయితే నూరేళ్ళు వస్తుంది.

మరి నిద్రను దాచేదెక్కడ? రాగిలో పోస్తే ఆవిరవుతుంది. మట్టిలో పోస్తే ఇంకిపోతుంది. మామూలు కొయ్యలో పోస్తే తిన్నని పోగుల వెంట, కాలిబాట పట్టి నడిచినట్టు బయటికి వచ్చేస్తుంది. జిట్రేగి చెట్టుకు గాయం మీద గాయమై, కాండం మీద గుమ్మడికాయంత బుడిపె పెరుగుతుంది. దాన్ని కంతి అంటారు. ఆ కంతిలో పోగులకు మొదలూ లేదు, చివరా లేదు. సుడిలో సుడి, కన్నులో కన్ను. అందులో చిక్కింది తిరుగుతూనే ఉంటుంది తప్ప దారి దొరికి బయటపడదు.

ఈ రహస్యం మాంత్రికుడికి చెప్పింది మరెవరో కాదు, మైలమే. రెండు నెలల కిందట, ధూపద్రవ్యాలు దాచుకోవడానికి పాత్ర కావాలని వచ్చిన ముసలి బైరాగికి, తన పనితనం మీద మురిపెం కొద్దీ ఆమె నోరారా చెప్పింది. "తాతా, ఇందులో పెట్టింది వాసన కూడా బయటికి పోదు," అని. ఆ బైరాగి పింగళజంఘుడని తెలిశాక ఆమె అన్నం సహించక రాజధానికి పరుగెత్తి, మంత్రి కాళ్ళ మీద పడింది. అదే సమయానికి ఆ పాత్ర బీటవేసిందనీ, మూడు రోజుల్లో కొత్తది చేయకపోతే తల తీస్తాననీ మాంత్రికుడి కబురు వచ్చింది. తాడు లాగే ఎల్లిగాడి వేషంలో తనూ మాంత్రికుడి కొండకు వెంట వస్తానని రాజుగారి కొడుకు అరిందముడు పట్టుబట్టాడు. "అదెంత పని మైలమా, లాగడమేగా?" అన్నాడు.

ఇప్పుడు ఆ మాట తలచుకుంటే ఆమెకు ఒళ్ళు మండుతోంది.

గుమ్మం దగ్గర పాంకోళ్ళ చప్పుడైంది. బయట బొడ్డన ఆవులింత మధ్యలోనే తెగిపోయింది. మనిషి కంటే ముందు నీడ వచ్చింది. నీడ వెనక పింగళజంఘుడు వచ్చాడు. తాటిచెట్టంత ఎత్తు, నిప్పుకణికల్లాంటి కళ్ళు, కళ్ళ కింద సంచుల్లా వేలాడే నల్లని చర్మం. మెడలో గుడ్లగూబ గోళ్ళ హారం. అతని వెనక, గచ్చు మీద ఇసుక బస్తా ఈడ్చినట్టు చప్పుడు చేస్తూ, మనిషి నడుమంత లావున ఒక కొండచిలువ.

"ఇంకా కాలేదూ?" అని గద్దించాడు.

"మూడు రోజుల పని ముందే అయిపోవాలంటే ఎలా అయ్యా?" అంది మైలమ. భయం వేసింది. అయినా పని మధ్యలో వచ్చి 'ఇంకా కాలేదా' అనేవాణ్ణి చూస్తే, ఆమెకు భయం కంటే చిరాకు ముందు వస్తుంది. "అవునూ, అసలు నా పాత్ర ఎలా బీటవేసింది? నా చేతి పాత్ర బీటవేసిందని ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు!"

"నాకేం తెలుసు? హోమగుండం పక్కన అరుగు మీదే పెట్టాను."

"హోమగుండం పక్కన!" మైలమ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిప్పు దగ్గర పెట్టొద్దు తాతా, ఎండలో పెట్టొద్దు తాతా అని ఎన్నిసార్లు చెప్పాను? తల ఊపావా లేదా?"

పింగళజంఘుడు ఒక్క క్షణం నిజంగానే తడబడ్డాడు. ఏడు రాజ్యాలను గడగడలాడించిన వాడికి, గుంజ పక్కన నిలబడి దెబ్బలు తిన్న పిల్లవాడిలా ఎటు చూడాలో తెలియలేదు. మరుక్షణమే కోపం తెచ్చుకున్నాడు.

"నోరు ముయ్యి! ఆ బీటలోంచి నిద్ర పిసరు పిసరుగా కారి, నదైనా దాటకముందే దగ్గరున్నవాళ్ళకు సోకుతోంది. కాపలా పెట్టిన ప్రతివాడూ బల్లెం పట్టుకుని గురకలు పెడుతున్నాడు. చివరికి దీన్ని పెట్టాల్సి వచ్చింది." కొండచిలువ కేసి చూపించాడు. "దీనికి రెప్పలు లేవు. ఇది నిద్రపోదు. మీరు పారిపోవాలనుకుంటే అదీ గుర్తుపెట్టుకోండి. సాయంత్రం దీపం పెట్టేలోగా పాత్ర నా చేతిలో ఉండాలి. లేకపోతే ఇది ఆకలితో ఉంది."

"మూత కొలత కావాలి. పాత పాత్ర మూతి చూడాలి."

"పని ముగించి రా, చూపిస్తా."

పాంకోళ్ళు వెళ్ళిపోయాయి. ఇసుక బస్తా వాటి వెనక ఈడ్చుకుంటూ వెళ్ళింది.

"మైలమా," అన్నాడు అరిందముడు పళ్ళు కొరుకుతూ, "ఒక్క కత్తి ఉంటే..."

"కత్తి లేదు ప్రభూ. తోలుపటకా ఉంది. లాగండి."

ఆ పూటంతా తరిమెన పాడింది. రెండేళ్ళు ఊకలో మాగి, బిగిసిన కంతి అది. పైపొర తెగేకొద్దీ లోపలి రంగులు ఒక్కొక్కటీ మేలుకున్నాయి. చింతపండు నలుపు, తేనె పసుపు, ఆరిన నెత్తుటి ఎరుపు. వాటి మధ్య నెమలి పింఛంలో కన్నుల్లా వందల కన్నులు. తర్వాత అసలు పని. బొటనవేలు పట్టేంత మూతిలోంచి వంకీ ఉలి లోపలికి దూర్చి, కంటికి కనబడని కొయ్యను చెవితో వింటూ, చేత్తో తడుముతూ తొలిచింది మైలమ. దిమ్మ లావుగా ఉన్నంతసేపూ డప్పులా మోగింది. సన్నబడుతుంటే కంచులా మోగింది. గోడ రెండు వడ్లగింజల మందానికి వచ్చేసరికి వీణ తీగలా మోగింది. అక్కడ ఆపింది. లోపలి పొట్టు గుప్పెళ్ళకొద్దీ రాలింది. ముక్కుపొడుం కంటే ఘాటైన జిట్రేగి ధూళి అది. అరిందముడు వరసగా తుమ్మి, తుమ్ము తుమ్ముకూ పటకా వదిలేశాడు. తుమ్ము తుమ్ముకూ తిట్లు తిన్నాడు.

ముప్పై ఏళ్ళలో తను చేసిన పాత్రలన్నింటిలోకీ అందమైనది ఇదేనని మైలమకు తెలిసిపోయింది. ఆ ముక్క కూడా ఆమెకు చిరాకే తెప్పించింది.

పాత్రను ఇరుసు మీంచి దించి బోర్లించింది. ఇరుసు మేకు దిగిన చోట అడుగున చిటికెన వేలంత రంధ్రం. దాన్ని నాభి అంటారు. ఏ పాత్రకైనా ఆఖరున ఆ నాభికి చిన్న బిరడా కొట్టి, పైన లక్క పూస్తారు.

"చూడండి ప్రభూ, ప్రాణమంతా ఇందులోనే ఉంది." ఆమె మొలలోంచి గోధుమరంగు కొయ్యముక్క ఒకటి తీసింది. "ఇది వేప. నిలువు పోగు. దీనికి పోగులు తిన్నగా, పై నుంచి కిందికి ఉన్నాయి. నీళ్ళు కారవు, గాలి దూరదు, ఆ దొంగ ఎలా పరీక్షించినా తెలియదు. నిద్రకు మాత్రం ఇది తెరిచిన తలుపు. రెండు గడియల్లో బొట్టుబొట్టుగా జారుకుని తన యజమాని దగ్గరికి తనే పోతుంది. అప్పటికి మనం కొండ దిగిపోతాం."

అరిందముడి కళ్ళు మెరిశాయి. "అద్భుతం!"

"అద్భుతం తర్వాత. నేను మూత కొలత చూసి వస్తాను. మీరు ఈ బిరడా నాభిలో కొట్టి, పైన లక్క పుయ్యండి. చాలు. ఇంకేమీ చెయ్యొద్దు. ఇదిగో, ఈ పొట్టు పిడికెడు మొలలో కట్టుకోండి. అవతల నిద్ర గాలి సోకినప్పుడు ఒక్క చిటికెడు పీలిస్తే తుమ్ములొస్తాయి. తుమ్మేవాడికి నిద్ర పట్టదు."

"ఇంకేమీ చెయ్యను."

ఆమె తిరిగి వచ్చేసరికి గది అద్దంలా ఉంది. పొట్టు లేదు, ముక్కల్లేవు. ఉలులన్నీ పొడుగు వరసలో పేర్చి ఉన్నాయి. పాత్ర అడుగున నున్నగా, ఎర్రగా లక్క మెరుస్తోంది. అనుమానపడటానికి కూడా వ్యవధి లేదు. బొడ్డన వెనకే వచ్చి, "నడు నడు, అయ్యవారు పిలుస్తున్నారు," అని తొందరపెట్టాడు. ఆమె ముందే చెక్కి ఉంచిన మూతల్లోంచి కొలతకు సరిపడ్డది ఏరి, పాత్ర ఎత్తుకుని కదిలింది.

పింగళజంఘుడి సభామండపం నల్లరాతి గుహ. స్తంభం స్తంభానికీ పుర్రెల దీపాలు. పడమటి కిటికీలోంచి ఏటవాలు ఎండ వచ్చి గచ్చు మీద పడుతోంది. కిటికీకి ఆవల శంఖినీ నది, నదికి ఆవల కుముదనగరం, అందులో రాజప్రాసాదం మీది బురుజు. రాజు నిద్రపోతే ఆ బురుజు మీద పసుపుజెండా ఎగరేస్తామని మంత్రి చెప్పాడు. అక్కడి జోలపాట గాలివాటున సన్నగా వినిపిస్తోంది. గొంతులు పోయి, తాళం మాత్రమే మిగిలిన జోలపాట.

మాంత్రికుడు కొత్త పాత్రలో నీళ్ళు పోశాడు. ఒక్క చుక్క కారలేదు. గోటితో మీటాడు. తీగలా మోగింది. దీపానికి అడ్డం పెట్టి చూశాడు. గోడలోంచి వెలుగు తేనెరంగులో ఊరింది. చివరికి బోర్లించి నాభి మీది లక్కను బొటనవేలితో రుద్దాడు.

"బాగుంది," అన్నాడు.

కొండచిలువ చుట్టలు విప్పింది. పాత పాత్ర మూతిని కొత్త పాత్ర మూతికి ఆనించి పింగళజంఘుడు మంత్రం మొదలుపెట్టాడు. దీపాలు నీలంగా మారాయి. గాలిలో కాచిన పాల వాసన, ఉతికి ఎండిన దుప్పటి వాసన, వానరాత్రి చూరు వాసన కమ్ముకున్నాయి. బూడిదరంగు వెన్నెలలాంటిదేదో, గట్టిపడీ పడని జున్నులా కదులుతూ, ఒక పాత్రలోంచి రెండో పాత్రలోకి జారింది. మూత పడింది.

మైలమ లెక్కపెట్టుకుంటూ బొడ్డన మొహం చూసింది. పాత్రకు మూరెడు దూరంలో నిలబడ్డాడు వాడు. ఈపాటికి వాడికి ఆవులింత రావాలి. రాలేదు. ఇంకాసేపు చూసింది. వాడు కళ్ళు నులుముకుని, బాగా పడుకుని లేచినవాడిలా చురుగ్గా చుట్టూ చూశాడు. ఒక్క బొట్టు కూడా బయటికి రావడం లేదు.

"ప్రభూ," అంది పెదవి కదపకుండా, "బిరడా కొట్టారా?"

"కొట్టాను. భలే కొట్టాను."

"నేనిచ్చిందేనా?"

అరిందముడు గర్వంగా ఆమె చెవిలో చెప్పాడు. "నీ గది ఎంత చెత్తగా ఉందో నువ్వు చూసుకోవు మైలమా. ఊడ్చి పారేశాను. ఆ ఊడ్పులో నీ వేపముక్క పోయినట్టుంది. ఫరవాలేదు, నేనే ఒకటి చెక్కాను. పాత్ర కొయ్యలోంచే! అంచు కనబడకుండా కలిసిపోయింది."

కంతి కొయ్యకు కంతి బిరడా. దారి లేని చెక్కకు దారి లేని తలుపు. మూడు రోజులుగా ఒక్క గీత తిన్నగా లాగలేని మనిషి, జీవితంలో మొదటిసారి తప్పులేని పని చేశాడు. దాంతో కన్నతండ్రిని నిలువునా సమాధి చేశాడు.

"పొట్టు? మొలలో పొట్టు?"

"ఊడ్చానని చెప్పాను కదా."

తిట్టడానికి చోటు కాదు. ఏడవడానికి వ్యవధి లేదు. మైలమ కొంగు దులుపుకుని, పింగళజంఘుడి ముందుకు విసవిసా నడిచింది.

"అయ్యా, ఆ మూత ఒకసారి కదపండి."

"ఎందుకు?"

"కదపండి!"

కదిపాడు. ఏ మూతైనా కదిలినంత కదిలింది.

"చూశారా? రెండు వేళ్ళతో కదులుతోంది. ఈ ఎల్లిగాడు తొందరపెట్టి నా కొలత చెడగొట్టాడు. మూత తీయకుండానే, మూతి బయటి గాడి వెంట్రుకవాసి లోతుగా తీయాలి. ఇప్పుడే తీయాలి. మీకు అక్కర్లేదంటే సరే, తీసుకుపొండి. రేపు మళ్ళీ కారింది అని నా మీద పడకండి. ఒకసారి చెప్తే విన్నారా? నిప్పు దగ్గర పెట్టొద్దంటే పెట్టారు!"

పన్నెండేళ్ళ నిద్రలేమి ఎంత మాంత్రికుణ్ణయినా అనుమానపు పీనుగను చేస్తుంది. పింగళజంఘుడు పాత్రను కడుపుకు హత్తుకున్నాడు. "నా కళ్ళ ముందు చెయ్యి," అన్నాడు.

అందరూ తరిమెన గదిలోకి వచ్చారు. దాని కిటికీ కూడా నది వైపే ఉంది. కొండచిలువ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. మైలమ కరిగిన లక్కతో పాత్ర అడుగును ఇరుసు కొనకు తొడిగిన గిన్నెకు అతికించింది. అది చల్లారుతుంటే, గుంజ వెనక ఊడ్పుకు అందని సందులో మిగిలిన పొట్టును గోటితో గీకి పిడికిట పట్టింది. సగం చిటికెడు. ఒక మనిషికి బొటాబొటి.

"లాగరా!"

అరిందముడు లాగాడు. పాత్ర ఆమె వైపు తిరిగింది. ఆమె ఉలి ఆనించింది. మూతి మీద కాదు, కాస్త కిందికి, గోడ అన్నిటికంటే సన్నగా ఉన్న భుజం మీద. సన్నని తీగలా పొట్టు లేచింది. ఉలి ఎత్తలేదు.

పటకా ఆగిపోయింది.

"లాగు!" అంది మైలమ.

"ఉలి ఎత్తలేదమ్మగారూ," అన్నాడు అరిందముడు.

"తెలుసు. లాగు!"

"ఎత్తకుండా వెనక్కి లాగితే ఎదురు కరుచుకుంటుందని తమరే..."

"ఒరేయ్!"

"ప్రాణం పోయినా లాగనని మాటిచ్చాను."

పింగళజంఘుడి కనుబొమలు దగ్గరికి వచ్చాయి. "ఎదురు కరుచుకోవడమేమిటి?" అని ఒక అడుగు ముందుకు వేశాడు.

మైలమకు మూడు రోజుల చిరాకు, ముప్పై ఏళ్ళ చిరాకు, రెండు నెలల పశ్చాత్తాపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. "ఓరి దద్దమ్మా! మూడు రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తే ఒక్క ముక్క వినలేదు, ఇవాళ వింటావా? నీ తండ్రి నిద్ర ఇందులో ఉంది! లాగరా రాజా!"

అరిందముడికి అర్థమైంది. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి, మూడు రోజులుగా లాగొద్దని తిట్లు తిన్నట్టే, వెనక్కి లాగాడు.

ఉలి అంచు ఎదురు కరుచుకుంది. మొదటిరోజు పనివాడు చేసే తప్పును, ముప్పై ఏళ్ళ పనిమంతురాలు కావాలని చేసింది. ఆమె చేసిన వాటిలోకెల్లా అందమైన పాత్ర పెఠిల్లుమని ఏడు ముక్కలై గాలిలోకి లేచింది.

నిద్ర విడుదలైంది.

మండుటెండలో మబ్బు పట్టినట్టు, ముప్పై తొమ్మిది రోజుల రాజనిద్ర గదంతా నిండింది. బొడ్డన నిలబడినవాడు నిలబడినట్టే కూలాడు. అతని బల్లెం కూడా మెత్తగా పడ్డట్టు అనిపించింది. పింగళజంఘుడు రెండు చేతులతో ఆ మబ్బును పట్టుకోబోయాడు. గుప్పిట మూశాడు. ఆ గుప్పిటలోకి చిక్కిన ఒక్క పిసరు అతని ముక్కుకు సోకింది. ఆ భయంకర మొహంలో ఏదో సడలింది. "అమ్మా," అన్నాడు చిన్నగా. పొట్టు లేని శుభ్రమైన గచ్చు మీద మోకాళ్ళు ముడుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని, పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారిగా నిద్రపోయాడు.

మైలమ పిడికిట్లోది పీల్చింది. తుమ్మింది. తుమ్ము వెనక తుమ్ము, పదకొండు తుమ్ములు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కిటికీ వైపు చూసింది. బూడిదరంగు వెన్నెల కిటికీ దాటి, నది దాటి, కుముదనగరం వైపు సాగిపోతోంది. ఆమె గుంజ పట్టుకుని నిలబడింది. జోలపాట తాళం వినిపిస్తూనే ఉంది. ఇంకా వినిపిస్తోంది. ఆగింది.

బురుజు మీద పసుపుజెండా లేచింది.

మైలమ నోట "హమ్మయ్య" అన్న మాట సగమే వచ్చింది. గుమ్మం దగ్గర ఇసుక బస్తా కదిలింది. రెప్పలు లేని రెండు పచ్చని కళ్ళు, నిద్రపోతున్న యజమానిని ఒకసారి, ఆమెను ఒకసారి చూశాయి. ఒక్క పిసరు పీల్చిన నిద్ర గడియసేపు నిలుస్తుందో లేదో. అరిందముడు తోలుపటకా చేతికి చుట్టుకుని, నోరు తెరిచి, హాయిగా గురక పెడుతున్నాడు.

"ప్రభూ!" ఒక చెంప మీద కొట్టింది. "ఎల్లిగా!" రెండో చెంప మీద కాస్త గట్టిగా కొట్టింది. ఏ పేరుకూ పలకలేదు.

గుమ్మం పాముది. మిగిలింది కిటికీ. మైలమ మూలనున్న రెండు పటకాలు లాగి, ఉన్నదానికి ముడివేసి, ఒక కొస తరిమెన గుంజకు, ఒక కొస రాజకుమారుడి చంకల కింద కట్టి, పొట్టు బస్తాను నెట్టినట్టు కిటికీలోంచి నెట్టింది. పటకా బిర్రున బిగిసింది. గుంజ మూలిగింది. కొండచిలువ తరిమెన దాకా వచ్చేసింది. ఆమె వంకీ ఉలి పళ్ళ మధ్య పట్టుకుని, పటకా మీద జారింది.

సగం దారి దిగాక కిందికి చూసింది. అరిందముడి పాదాలకూ నదికీ మధ్య ఇంకా రెండు తాటిచెట్ల ఎత్తు ఖాళీ. పైకి చూసింది. కిటికీలోంచి వెడల్పాటి తల బయటికి వచ్చి, పటకాను నాలుకతో తడిమి, దాని వెంట మెల్లగా కిందికి పాకడం మొదలుపెట్టింది. ఆ బరువుకు లోపల గుంజ ఒక జానెడు జరిగిన చప్పుడైంది.

కింద అరిందముడు కళ్ళు తెరిచాడు. నదిని చూశాడు, కొండను చూశాడు, పైన వేలాడుతున్న మైలమను చూశాడు, ఆమెకు పైన వస్తున్నదాన్ని చూశాడు. చేతికి చుట్టుకుని ఉన్న పటకాను చూసుకున్నాడు.

"మైలమా," అన్నాడు వినయంగా, "ఇప్పుడు లాగమంటావా, వద్దా?"

మైలమ పళ్ళ మధ్య ఉలి తీసి, చేత పట్టుకుంది. పైన పటకా ఒంటిపొర తోలు. ఒక్క వేటు చాలు, పాము పైనే ఉంటుంది, తామిద్దరూ నదిలో పడతారు.

"ఈసారి," అంది, "ఏమీ చెయ్యొద్దు ప్రభూ. దణ్ణం పెడతాను. ఊపిరి బిగబట్టి ఊరికే ఉండండి!"

ఉలి పైకెత్తి, తల మీద జానెడు ఎత్తున పటకాను ఒక్కసారిగా కోసేసింది.